మొగ్గ మీద ఉన్న తీగ

ఆకు కింద అరచెయ్యి పెట్టి, పైనుంచి తడిగుడ్డతో ఒక్కసారే తుడవాలి. వెనక్కి మళ్ళీ రుద్దితే దుమ్ము చారలు కడుతుంది. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు తుడిచే పద్ధతినే వదిన ఇంట్లో తీగకూ వాడేది. ఆ పొద్దున మేమిద్దరం ఆ పనిలోనే ఉన్నాం. కిటికీకి ఒక పక్కన ఆమె, ఇంకో పక్కన నేను. మధ్యలో, గోడకి మేకులు కొట్టి కట్టిన దారాల మీదుగా తీగ. సగం ఆకులు అయ్యాక వదిన చెయ్యి ఆగిపోయింది.

“చిట్టీ, ఇలా రా. ఇది చూడు.”

ఆకు మొదట్లోంచి పొట్టి కాడ ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. దాని కొసన గుండుసూది తలలంత గింజలు, గుత్తిగా.

“పురుగు గుడ్లేమో వదినా.”

“నీ నోట మంచి మాట రాదు కదా. మొగ్గలు పిల్లా ఇవి.” గొంతు బాగా తగ్గించింది. “మీ అన్నయ్యకి చెప్పకు. వింటే వచ్చి ముట్టుకుంటారు.”

వంటింట్లోంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది. అన్నయ్య గ్యాసు పొయ్యి కాళ్ళు సరిచేస్తున్నాడు. పొయ్యి కాళ్ళు బాగానే ఉండేవి.

ఆ తీగని మైనపు పూల తీగ అంటారని, కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చిన ఒక నర్సమ్మ వదినకి చెప్పిందట. ఆమే చిన్న ముక్క తడికాగితంలో చుట్టి ఇచ్చింది. నేను బడి చదువు ముగించి ఊరినుంచి వీళ్ళ దగ్గరికి వచ్చేటప్పటికే అది కిటికీ చుట్టూ పాకి ఉంది. దళసరి ఆకులు, తోలు చెప్పుల్లా గట్టివి. ఆకుల్లేని పొడుగాటి కొసలు గాల్లోకి సాగి, ఏదైనా దొరుకుతుందేమోనని తడుముకుంటూ ఉండేవి. ఒకసారి ఒక కొస ఫ్యాను రెగ్యులేటరు తీగని పట్టుకుని రెండు చుట్లు చుట్టేసింది. ఇన్నేళ్ళలో ఒక్క పువ్వు లేదు. కింద ఉండే ఇంటి ఓనరమ్మ వచ్చినప్పుడల్లా అదే మాట. “ఈ మాత్రం దానికి ప్లాస్టిక్‌ది కొనుక్కోరాదూ. రోజూ తుడిచే బాధ తప్పుతుంది.”

మాది మేడమీద ఒక గది, వంటిల్లు, ఆ రెంటికీ మధ్య సన్నటి వసారా. వసారాలో నా కుట్టుమిషను. లాడ్జీలకి దిండు గలీబులు కుట్టి ఇచ్చేదాన్ని. మిషను దగ్గర కూర్చుంటే గది మొత్తం కనిపించేది. నేను ఎక్కువ మాట్లాడను. అందుకేనేమో, నేనున్నానన్న సంగతి మర్చిపోయి వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు.

ఆ వేసవి మొదట్లోనే మిల్లుకి తాళం పడింది. అన్నయ్య అందులో ఫిట్టరు. మగ్గాలు ఆగిపోతే పట్టాలు విప్పి, పళ్ళచక్రాలు మార్చి మళ్ళీ ఆడించే పని. యజమానులు నష్టం అన్నారు, యూనియన్‌వాళ్ళు మోసం అన్నారు, గేటుకి మాత్రం అరచెయ్యంత తాళం వేలాడింది. తాళం పడ్డాక కూడా అన్నయ్య రోజూ పొద్దున్నే పని బూట్లు వేసుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడ నిలబడ్డ నలుగురితో తనూ కాసేపు నిలబడి వచ్చేవాడు. వచ్చాక ఇంట్లో ఏదో ఒకటి విప్పేవాడు. కుళాయి విప్పాడు. తలుపు గొళ్ళెం విప్పాడు. గోడగడియారం విప్పి, బిగించి, పక్కకి పెట్టి చెవి ఆనించి విన్నాడు.

“గడియారం బాగానే నడుస్తోందిగా అన్నయ్యా,” అన్నాను ఆ రోజు.

“బాగా నడుస్తోంది కాబట్టే చూస్తున్నా. ఆగిపోయినదాన్ని ఎవడైనా చూస్తాడు.”

నా మిషను మీద కూడా చెయ్యి వేశాడు. ఆ తర్వాత వారం రోజులు నా దారం తెగుతూనే ఉంది. వదిన దుకాణం నుంచి వచ్చి, “పోనీలే, మిమ్మల్ని విప్పి చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుణ్ణు,” అంది. నవ్వుతూనే అంది. అన్నయ్య నవ్వలేదు.

మొగ్గల సంగతి దాచిపెట్టడం మా వల్ల కాలేదు. కబురు బయటపడింది వదిన నోటి నుంచే, అదీ వేరే విషయం మాట్లాడుతూ.

ఆ సాయంత్రం ఆమె మామూలుకంటే ముందు వచ్చింది. గొడుగు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంటోంది. భోజనాల దగ్గర చెప్పింది.

“పెద్దాయన ఇంకో ఊళ్ళో దుకాణం పెడుతున్నాడు.”

పెద్దాయన అంటే కళ్ళజోళ్ళ దుకాణం యజమాని.

“మంచిదే,” అన్నాడు అన్నయ్య.

“నన్ను చూసుకోమంటున్నాడు. దుకాణం మొత్తం. కొలతలు చూడ్డం, అద్దాలు సానబట్టడం, ఇద్దరు పిల్లలకి పని నేర్పడం, అన్నీ. దుకాణం మీద రెండు గదులున్నాయట. మనకే ఇస్తాడట. చిట్టి మిషను కూడా పడుతుంది.”

అన్నయ్య కంచంలో చెయ్యి తిప్పుతున్నాడు.

“ఆ ఊళ్ళో మిల్లులున్నాయా?”

“లేవు.”

“మరి నేనేం చెయ్యను అక్కడ? నీ దుకాణం ముందు నిలబడి రండి బాబూ రండి అని పిలవనా?”

“నేనేం మూటలు కట్టలేదుగా. అడిగాడని చెబుతున్నా.”

“రేపో మాపో తెరుస్తారు. తెరిచిన రోజు నేను గేటు దగ్గర లేకపోతే ఇంకెవణ్ణో లోపలికి పిలుస్తారు. నా మగ్గాల మీద వాడెవడో చెయ్యి వేస్తాడు.” తల ఎత్తి, “ఆయనకేం చెప్పావు?” అన్నాడు.

వదిన కిటికీ వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

“ఇంట్లో తీగ మొగ్గ మీద ఉంది, మొగ్గ మీద ఉన్నప్పుడు దాన్ని కదిలించకూడదు, పూశాక చెబుతానన్నాను.”

అన్నయ్య చెయ్యి ఆగింది. “ఏమన్నావు?”

“అదే.”

“ఆయనేమన్నాడు?”

“కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, నన్ను మళ్ళీ చూశాడు.”

అన్నయ్య నవ్వాడు. మిల్లు మూసేశాక అతను నోరారా నవ్వడం అదే మొదలు. వదినా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. “ఇంకా సున్నాలు వేయించాలట, బల్లలు చేయించాలట. తొందరేం లేదులే అన్నాడు,” అంది.

ఆ మాట అలా వేళాకోళంగా పుట్టిందే. కానీ ఆ మర్నాటినుంచి అదే మా ఇంట్లో చట్టమైపోయింది. ఊరు మారే సంగతి వస్తే చాలు, ఎవరో ఒకరు, “ముందు పూయనీ,” అనేవాళ్ళు. ఓనరమ్మ వచ్చే ఏటికి అద్దె మాట ఎత్తితే, “పూశాక మాట్లాడుకుందామండీ,” అన్నాడు అన్నయ్య. ఆవిడకి ఏమీ అర్థం కాక కిందికి వెళ్ళిపోయింది. తీగ మొగ్గ మీద ఉన్నంతకాలం ఎవరూ ఏమీ తేల్చుకోనక్కర్లేదు.

ఇక అన్నయ్యకి పని దొరికింది.

గేటు నుంచి రాగానే బూట్లు విప్పకుండానే కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. మొగ్గలవైపు తల వాల్చి చూసేవాడు. వెలుతురు ఇటు పడుతోందే, మొగ్గలు అటు ఉన్నాయే అని కుండీని కొంచెం తిప్పేవాడు. సాయంత్రం వదిన వచ్చి, ఆకుల వాలు చూసి ఎంత తిప్పాడో కనిపెట్టి, యథాప్రకారం వెనక్కి తిప్పేది. మర్నాడు మళ్ళీ తిరిగేది. మళ్ళీ వెనక్కి వచ్చేది. కుండీ కింద కిటికీ బల్ల మీద గుండ్రంగా ఒక గీత పడిపోయింది.

“తిప్పకు అన్నయ్యా. మొగ్గ మీద ఉన్నప్పుడు తిప్పితే వెలుతురు ఎటునుంచి వస్తుందో దానికి తెలియక అలిగి రాల్చేస్తుందట. నర్సమ్మ చెప్పిందట.”

“తీగ అలగడమేంటే. అది నా భార్యా?”

ఒక మధ్యాహ్నం పెద్ద కుండీ ఒకటి భుజాన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చొక్కా అంతా ఎర్రమట్టి. నేను మిషను ఆపి లేచాను.

“మార్చకూడదు. వేళ్ళు ఇరుగ్గా ఉంటేనే పూస్తుందట.”

“ఇరుకులో పూసేదేంటే. మనం ముగ్గురం ఈ కొంపలో ఇన్నేళ్ళుగా ఉన్నాం, ఏం పూశాం?”

నాకు నవ్వొచ్చింది. కానీ కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. నేనలా ఎవరికైనా అడ్డం నిలబడటం అతనెప్పుడూ చూడలేదు. కాసేపు నన్నూ కుండీనీ మార్చి మార్చి చూసి, పెద్ద కుండీని వంటింట్లో బోర్లించి దానిమీద కూర్చున్నాడు. తర్వాత అదే అతని ఆసనమైంది.

తిప్పినందుకో, వేళాపాళా లేకుండా నీళ్ళు పోసినందుకో, మొగ్గలు రాలడం మొదలైంది. రాలేముందు పసుపు రంగుకి తిరిగేవి. నేను గలీబు అంచు మడుస్తూ చూసేదాన్ని. అన్నయ్య వంగి, కిటికీ బల్ల మీద పడ్డవాటిని ఒక్కొక్కటే వేలికి అంటించుకుని తీసి, చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ చొక్కా ఉతికేటప్పుడు జేబులోంచి నల్లగా ఎండిన గింజలు వచ్చేవి. గుత్తిలో ఎన్ని తగ్గాయో వదిన చూడకుండా ఉంటుందా? చూసేది. పెదవి బిగించి, వెళ్ళి టీ పెట్టేది.

కడకు ఒక రోజు అడిగేసింది. దుకాణానికి వారపు సెలవు ఆ రోజు.

“మీరు ఒక్క రోజు, పొద్దుపోయేదాకా, దేన్నీ ముట్టుకోకుండా ఉండగలరా?”

“దేన్నీ అంటే?”

“దేన్నీ. తీగని, కుళాయిని, గడియారాన్ని. ఊరికే కూర్చోండి.”

“ఓస్, ఇంతేనా,” అన్నాడు అన్నయ్య. కుర్చీ తెచ్చుకుని గది మధ్యలో వేసుకున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

ఆ రోజంతా నాకు గుర్తుంది. మొదట పాటొకటి కూనిరాగం తీశాడు. తర్వాత కాలు ఊపాడు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. అతను ఊగినప్పుడల్లా టక్కుమని నేలకి తగిలేది. టక్కుమన్నప్పుడల్లా అతని మొహంలో నొప్పి. కింద అట్టముక్క పెడితే సరిపోయేది. పెట్టలేడు. వదిన మంచం మీద కూర్చుని ఏదో చదువుతున్నట్టు పేజీలు తిప్పుతోంది. ఆమె చదవడం లేదని పేజీలు తిరిగే వేగం చూస్తేనే తెలుస్తోంది.

మధ్యాహ్నం రేడియో వచ్చాడు. మిల్లులో వార్తలు మోసేవాడు కాబట్టి అందరూ అతన్ని రేడియో అంటారు. గుమ్మంలో నిలబడి, “ఏంట్రా, చేతులకి బేడీలేశారా?” అన్నాడు.

“పందెం,” అన్నాడు అన్నయ్య.

“పందెం సంగతి తర్వాత. వచ్చే వారం తెరుస్తున్నారు. ఖాయం. పెద్ద ఆఫీసులోంచే కబురు.”

“పోయిన వారం కూడా ఖాయమేగా, అన్నా,” అంది వదిన పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

“అది మామూలు ఖాయం చెల్లెమ్మా. ఇది ఖాయమంటే ఖాయం.”

అన్నయ్య చేతులు తొడల కిందనుంచి బయటికి వచ్చేశాయి. అతనికే తెలియలేదు. లేచి, రేడియో భుజం పట్టుకుని, “ఎవరు చెప్పారు? ఏ రోజన్నారు?” అంటూ వసారాలోకి నడిపించుకుపోయాడు. వదిన కుర్చీ వైపు చూసింది. తర్వాత నావైపు చూసి, వంటింట్లోకి వెళ్ళి, బీరువా తలుపు చప్పుడయ్యేలా తీసి, చప్పుడయ్యేలా వేసింది.

వచ్చే వారం తెరవలేదు. ఆ పై వారమూ తెరవలేదు.

కానీ తీగ పూసింది. మిగిలిన మొగ్గలు కొన్నే. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, నేను గలీబులు మూట కడుతుంటే, ఏదో తియ్యటి వాసన వసారాలోకి వచ్చింది. సబ్బు వాసన కాదు, అత్తరు కాదు. తేనె కాచినట్టు ఉంది. లేచి వెళ్ళేసరికి అన్నయ్య కిటికీ ముందు నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకుని. ముట్టుకోకూడదని.

తెల్లటి చిన్న చుక్కలు, ఐదు కోణాలవి, మైనంతో పోతపోసినట్టు. ఒక్కోదాని నడుమ ఎర్రటి ఇంకో చుక్క. అంచున తేనెబొట్టు నిలిచి ఉంది.

“ఇవి నిజం పూలేనంటావా?” అన్నాడు.

ఓనరమ్మ కూడా మేడెక్కి వచ్చింది. చాలాసేపు చూసి, “ప్లాస్టిక్‌వాటిలాగే ఉన్నాయే,” అని మెచ్చుకుంది.

వదిన వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది. పూలని చూసి ఆమె సంబరపడుతుందని మేమిద్దరం ఆమె మొహం వైపే చూస్తున్నాం. ఆమె దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. “బాగున్నాయి,” అంది. మంచం మీద కూర్చుంది. ఆ మొహంలో నేను చూసింది సంతోషం కాదు. పరీక్ష హాల్లో కాగితం చేతికి ఇచ్చినప్పుడు పిల్లల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

అన్నయ్య కిందికి వెళ్ళాక నెమ్మదిగా అడిగాను. “వెళ్ళాలని లేదా వదినా నీకు?”

“ఉంది. రోజూ దుకాణంలో కూర్చుని ఆ కొత్త దుకాణంలో బల్లలు ఎటు వెయ్యాలా అని ఆలోచిస్తా.” వేలితో మంచం పట్టీ గీకుతోంది. “ఇక్కడ పక్కన పెద్దాయన ఉంటాడు. అద్దం కొలత కొంచెం అటూఇటూ అయినా, ఆయనే చెప్పాడులే అనుకుంటా. అక్కడ నా వెనక ఎవరూ ఉండరు. ఎవరికైనా చూపు ఆనకపోతే అది నా తప్పే. మీ అన్నయ్య రానంటున్నారు కాబట్టి ఆగాననే అనుకుంటున్నారు అందరూ. అనుకోనీ.” మెట్లవైపు చూసి, “ఆయన రానంటున్నందుకు నాకు కోపం రావాలి కదా. వస్తోంది. కానీ లోపల ఎక్కడో, హమ్మయ్య అని కూడా ఉంది,” అంది.

మెట్ల మీద అన్నయ్య అడుగులు వినిపించి లేచి వెళ్ళిపోయింది.

పూలు వాడాయి. ఒక్కొక్కటే రాలి కిటికీ బల్లకి అంటుకున్నాయి. చివరికి గుత్తి ఉన్నచోట బోసి కాడ ఒకటి మిగిలింది, అగ్గిపుల్లంత. అన్నయ్య కత్తెర తెచ్చాడు. వంటింట్లోంచి వస్తూ చూసిన వదిన పరుగున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

“దాన్ని కొయ్యకూడదు.”

“ఎండిపోయిందిగా. ఇంకెందుకది?”

“ఎండలేదు. మళ్ళీ పూసేటప్పుడు ఆ కాడ కొసనే పూస్తుంది. కొత్త చోట పూయాలంటే మళ్ళీ ఎన్నేళ్ళో. నర్సమ్మ ఇంట్లోది వేసవిలో, వానల్లో, ఆ తర్వాత కూడా అక్కడే పూసిందట.”

అన్నయ్య కత్తెర మూశాడు. “అయితే దీనికి ముగింపంటూ లేదన్నమాట,” అన్నాడు. మామూలుగానే అన్నాడు.

వదిన పెద్దాయనకి జవాబు చెప్పలేదు. పూశాయా అని ఆయన అడిగితే, పూశాయండీ, ఇంకా ఉన్నాయి అందట. వాన చినుకులు మొదలయ్యే రోజుల్లో, ఆకులు తుడుస్తుంటే, ఆ పొట్టి కాడ కొసన మళ్ళీ గుండుసూది తలలు కనిపించాయి. ఈసారి వదిన నన్ను పిలవలేదు. తనే చూసుకుని, గుడ్డ పిండి, ఆరేసింది. భోజనాల దగ్గర మాత్రం, “మళ్ళీ మొగ్గ వేసింది,” అంది, ఎవరితోనో కానట్టు.

“అయితే ఇంకేం,” అన్నాడు అన్నయ్య.

ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.

ఆ వారమంతా వదిన మనిషి మనిషిలా లేదు. టీలో చక్కెర రెండుసార్లు వేసింది. దుకాణంలో ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించిందట. పెద్దాయన ఏమీ అనలేదట గానీ, సాయంత్రం వెళ్ళేముందు పిలిచి, బల్లలు వచ్చేశాయి, నువ్వు కాదంటే ఇంకొకరిని చూసుకుంటాను, ఈ వారంలో చెప్పు అన్నాడట. ఆ సంగతి నాకు చెప్పింది, అన్నయ్యకి చెప్పలేదు. చెప్పి, “మొగ్గలున్నాయి కదా,” అంది. నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా మొహంలోకి చూడలేదు.

కుట్టిన గలీబులు ఇవ్వడానికి లాడ్జీకి వెళ్ళాలంటే మిల్లు మీదుగా వెళ్ళాలి. మూట బరువుగా ఉందని ఆ పొద్దున అన్నయ్య నాతో వచ్చాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి నలుగురు ఉండేచోట ఓ యాభై మంది ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. గేటు బార్లా తీసి ఉంది. అన్నయ్య నడక వేగం పెరిగింది. “తెరిచారే,” అన్నాడు. “చిట్టీ, తెరిచారు.”

లోపలినుంచి లారీ ఒకటి మెల్లగా బయటికి వచ్చింది. మీద టార్పాలిన్ కప్పి తాళ్ళు కట్టారు. టార్పాలిన్ జారినచోట మగ్గం చట్రం కనిపిస్తోంది. దాని వెనక ఇంకో లారీ. రేడియో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఏదో చెప్పబోయి, చెప్పకుండా నేలకేసి చూశాడు. ఆ మనిషి దగ్గర వార్త లేకపోవడం అదే మొదటిసారి.

రెండో లారీ మా ముందునుంచి వెళుతుంటే అన్నయ్య చెయ్యెత్తి చూపించాడు.

“ఆ చివరిది. దాని ఎడమ కాలు కింద రేకుముక్క పెట్టింది నేనే. లేకపోతే అదురుతుంది. విప్పినప్పుడు చెత్తనుకుని పారేసుంటారు.” లారీ మలుపు తిరిగేదాకా చూశాడు. “ఇప్పుడు ఎక్కడ బిగిస్తారో. ఎందుకు అదురుతోందో వాళ్ళకి తెలియదు,” అన్నాడు.

మూట లాడ్జీలో ఇచ్చి ఇంటికి వచ్చాం. బూట్లు విప్పి, వాటిలో తడి పోవడానికి కాగితం ఉండలు కుక్కి, మంచం కిందకి తోశాడు. ఆ రోజు ఏమీ విప్పలేదు, ఏమీ బిగించలేదు. బోర్లించిన కుండీ మీద కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. నా మిషను చప్పుడు నాకే ఎక్కువగా వినిపించి, కాసేపు ఆపేశాను. సాయంత్రం వదిన వచ్చాక కూడా లారీల మాట ఎత్తలేదు. నేను ఎత్తుదామనుకున్నాను. అతను నావైపు ఒక చూపు చూసి తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు దుకాణానికి సెలవు. వదిన వంటింట్లో పాలు కాస్తోంది. నేను వసారాలో బాబిన్‌కి దారం చుడుతున్నాను. అన్నయ్య గడ్డం గీసుకునే బ్లేడు కొత్తది ఒకటి విప్పి, కడిగి, తువ్వాలుతో తుడిచి, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆకులు పక్కకి తప్పించాడు. అతను చేసే పని ఏదైనా హడావుడిగా ఉండేది. ఇది మాత్రం చాలా నెమ్మదిగా చేశాడు. కాడ మొదలు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, తీగకి గాటు పడకుండా, ఒక్క కోత.

నేను లేచేలోపల అయిపోయింది. కోసినచోట తెల్లటి పాలు ఊరి, బొట్టుగా నిలిచి, ఆకు మీద పడింది.

వదిన పాల గిన్నె పట్టుకున్న గుడ్డతోనే వచ్చి గుమ్మంలో ఆగింది. కిటికీ బల్ల మీద, మొగ్గలతో సహా, ఆ అగ్గిపుల్లంత కాడ. అన్నయ్య బ్లేడుని కాగితంలో చుడుతున్నాడు. పొరపాటున కోశానని అనలేదు. తెలియక కోశానని కూడా అనలేదు.

వదిన మొహం ఎర్రబడింది. అరుస్తుందనుకున్నాను. నోరు తెరిచింది కూడా. అంతలో ఆమె కళ్ళు అన్నయ్య మొహం మీద నిలిచాయి. నిలిచి, అక్కడినుంచి తప్పుకుని, నేల మీదికి దిగాయి. దాక్కున్నచోట ఎవరో తలుపు తీస్తే పిల్లలు అలా చూస్తారు.

“మగ్గాలు తీసుకెళ్ళిపోయారు,” అన్నాడు అన్నయ్య. “నిన్న. చిట్టి చూసింది.”

వంటింట్లో స్టవ్ ఇంకా వెలుగుతోంది. నేను వెళ్ళి ఆపి వచ్చాను. వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఉన్నచోటే ఉన్నారు.

“ఆ దుకాణం పై గదుల్లో కిటికీ ఎటువైపుంటుంది?” అన్నాడు అన్నయ్య. గొంతు సవరించుకుని మళ్ళీ, “మిట్టమధ్యాహ్నం ఎండైతే దీనికి పడదు. అందుకని,” అన్నాడు.

వదిన ముందుకొచ్చి, చేతిలో ఉన్న గుడ్డ కొసతో కోతని అద్దింది. పాలు మళ్ళీ ఊరాయి. మళ్ళీ అద్దింది, రుద్దకుండా. అది ఆగిందని నమ్మకం కలిగాక గుడ్డ నా చేతికిచ్చి, అద్దం ముందుకి వెళ్ళి జుట్టు విప్పి గట్టిగా జడ వేసుకుంది. దుకాణానికి కట్టుకెళ్ళే బట్టలు కట్టుకుంది. గొడుగు తీసుకుంది. అన్నయ్య తీగకి కట్టిన దారం ముడి ఒకటి గోటితో విప్పడం మొదలుపెట్టాడు. పైనున్న ముడి, అన్నిటికంటే పాతది. తల తిప్పి ఆమెని చూడలేదు. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నేను కిటికీలోంచి చూశాను. వీధిలోకి వచ్చి గొడుగు తెరిచింది. మూసి ఉన్న దుకాణం వైపు కాక, పెద్దాయన ఇల్లున్న వైపుకి తిరిగి, వడివడిగా నడిచి వెళ్ళిపోయింది.